మౌనంతో బిగించిన తాళం

కపిలవేణి నది రెండు పాయలుగా చీలిన చోట, నల్లరాతి గుట్ట మీద ఉలూకదుర్గం ఉంది. దాని ప్రాకారాలు మబ్బుల్లో మొదలై నీళ్ళలో మునుగుతాయి. బురుజు బురుజుకూ ఒక కంచు గుడ్లగూబ. సూర్యుడు ఎటు జరిగితే ఆ గుడ్లగూబల కెంపు కళ్ళు అటు జరుగుతాయి. లోపల విద్యామండపానికి పాలరాతి నేల, పగడపు దూలాలు, దంతపు వాకిళ్ళు. తూర్పు గోడ నిండా ఒక కంచు ముఖం. ఆ ముఖం కింద, ఇంత వైభవం మధ్యన, హేమగిరి యువరాజు రత్నకేతుడు దర్భాసనం మీద కూర్చుని ఆవులింత ఆపుకోలేక చస్తున్నాడు.

పాపం, అతన్ని అనడానికి లేదు. ఏడాదికి పైగా నడిచిన కాళ్ళవి. తల్లి మందాకినీదేవి ఒక యక్షిణి శాపం వల్ల కళ్ళు మూసుకుని మళ్ళీ తెరవలేదు. ఆమెను లేపే మంత్రం కోసం అతను ఏకశృంగ పర్వతం ఎక్కి, అక్కడి ముసలి మునికి కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి, తిట్లు తిని, చివరికి ఆ మంత్రాన్ని కంఠస్థం చేసుకుని దిగాడు. అది ఇంకొకరికి చెబితే పనిచేయదు. రాసినా పనిచేయదు. తిరుగుదారిలో దొంగల భయానికి తెల్ల గడ్డం అంటించుకుని పండితుడి వేషం వేశాడు. ఆ గడ్డమే కొంప ముంచింది. పడవవాడు అతన్ని తీసుకొచ్చి సరాసరి ఈ దుర్గంలో దింపాడు. కావలివాళ్ళు గడ్డం చూసి సంబరపడ్డారు, తమకు గురువు కరువయ్యాడట.

ఆ దుర్గానికి అధిపతి ఉలూకనేత్రుడు. రెప్ప వేయని మాంత్రికుడు. అతని ఆజ్ఞ ఏమిటంటే, గురువు పున్నమి దాకా పాఠం చెప్పాలి. పున్నమి ఉదయం పరీక్ష. కంచు ముఖం ప్రశ్నను గురువు చెవిలో చెబుతుంది, గురువు పిల్లల్ని అడుగుతాడు. జవాబు చెప్పని బిడ్డ అక్కడికక్కడే రాతి స్తంభమైపోతుంది. పరీక్ష ముగిశాక గురువుకు శాలువా కప్పి మాంత్రికుడి గద్ద మీద ఎక్కించి, కోరిన ఊళ్ళో దింపుతారు.

అంటే రత్నకేతుడికి ఇబ్బందేమీ లేదు. నోరు మూసుకుని పున్నమి దాకా కూర్చుంటే చాలు, మరునాటికి హేమగిరి, అమ్మ పడకగది, పెదవి మీద మంత్రం. మొదటి రోజు అతను మండపంలోని స్తంభాలను దగ్గరగా చూడకుండా ఉంటే అలాగే చేసేవాడేమో. చూశాడు. ప్రతి స్తంభానికీ చిన్న చిన్న చెవులున్నాయి, మోకాళ్ళున్నాయి. ఒకదానికి ముక్కు చీమిడి కూడా రాయైపోయి ఉంది. ఆ రాత్రి నుంచి అతనికి నిద్ర లేదు.

పిల్లలు మూడు దేశాల వాళ్ళు. ఉప్పుబాట బిడారుల పిల్లలు, గంధపుగట్టు పిల్లలు, రెల్లుదీవుల పిల్లలు. అందరికీ ఒకటే పాఠం, దుర్గద్వారాల పేర్లు, వాటిని కాసే భూతాలు, ఆ భూతాల నైవేద్యాలు. అందరూ బారు తీరి కూర్చోవాలి, చేతులు కట్టుకోవాలి, ఒకరి తర్వాత ఒకరు లేచి ఒప్పజెప్పాలి. బిడారుల పిల్లలు నత్తినత్తిగా ఏదో చెప్పేవారు. గట్టు పిల్లలు సగం చెప్పి పక్కవాళ్ళ ముఖాలు చూసేవారు. రెల్లుదీవుల పిల్లలు మాత్రం పెదవి కదపరు. బెదిరించినా, బెల్లం ముక్క చూపినా, పేరు పెట్టి పిలిచి బతిమాలినా, నేల చూపులే. వాళ్ళలో పెద్దది తుంగ అనే పిల్ల. ఆమె మౌనం చూస్తే యువరాజుకు తలపోటు వచ్చేది. కత్తియుద్ధం ఇంతకన్నా సులువని అతను ఎన్నోసార్లు అనుకున్నాడు.

మండపం దూలం మీద ఒక చిలుక ఉండేది. పూర్వం అది వాచస్పతి అనే గురువు. పరీక్ష అయ్యాక గద్ద ఎక్కమంటే ఎక్కక, ఇంకొక్క నెల ఇస్తే ఈ మొద్దులకు వల్లె వేయించి చూపిస్తానని మొండికేశాడట. ఆ గొంతు వినలేక ఉలూకనేత్రుడు చిలుకను చేసి పారేశాడు. చిలుకైనా బుద్ధి మారలేదు. రత్నకేతుడు పాఠం చెబుతుంటే పైనుంచి తప్పులు పట్టేది.

ఆ చిలుకే ఒకనాడు అసలు గుట్టు చెప్పింది. ఈ దుర్గానికి ఒక బ్రహ్మరాక్షసుడి వరం ఉంది. ఏ సైన్యమూ దీని తలుపులు కదల్చలేదు. అయితే ఆ రాక్షసుడు పూర్వజన్మలో విద్య దాచుకున్న పండితుడు కనుక, వరంలో కూడా పరీక్ష పెట్టకుండా ఉండలేకపోయాడు. పున్నమి పరీక్షలో ఒక్క బిడ్డ కూడా మౌనంగా మిగలని రోజున తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, రాళ్ళైన వాళ్ళు లేస్తారు. అందుకే మాంత్రికుడు నెలనెలా పడవ కట్టించి రెల్లుదీవుల నుంచి పిల్లల్ని తెప్పిస్తాడు.

"ఎందుకు, ఆ పిల్లలే ఎందుకు?" అని యువరాజు అడిగాడు.

"వాళ్ళు చెప్పరు కనుక నాయనా," అంది చిలుక. "జాతి మొద్దులు. ఇంతకంటే గట్టి తాళం ఎవడికి దొరుకుతుంది?"

యువరాజుకు కూడా అప్పటికి అంతకంటే మంచి సమాధానం తోచలేదు. పాఠం ముగిసి పిల్లలు చెల్లాచెదురయ్యారు. అతను మండపం మెట్ల మీద కూలబడి పాదరక్షలు విప్పాడు. ఏడాది నడకకు మడమలు పగిలి పుండ్లు పడ్డాయి. నదిగాలి తేమకు అవి మానడం లేదు. వాటిని చూసుకుని, ఎవరితోనో కాదు, తనలో తానే, వీటికి ఏం రాస్తే తగ్గుతుందో ఏమో అని నిట్టూర్చాడు.

"జమ్ము దుంప నూరి కట్టుకోండి అయ్యోరూ," అంది వెనక నుంచి ఒక గొంతు. "పొద్దున్నే కాదు, ఎండ దిగినాక. లేకపోతే మంటెత్తుద్ది."

తిరిగి చూస్తే తుంగ. ఆమె వెనకే మిగతా రెల్లు పిల్లలు. దుంప ఏ గట్టున దొరుకుతుందో ఒకరు, ఎంత లోతు తవ్వాలో ఒకరు, కట్టడానికి ఏ ఆకు మంచిదో ఇంకొకరు, అందరూ ఒక్కసారి అందుకున్నారు. నోట్లో నాలుక లేదనుకున్న పిల్లలు గలగలా మాట్లాడుతున్నారు. ఇన్నాళ్ళూ పాఠం అడిగితే ఎందుకు చెప్పలేదని యువరాజు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు అతనికి నిజంగానే తెలియదు, అందుకే తుంగ చెప్పింది.

"పాఠం మీకు తెలుసు కదా అయ్యోరూ. తెలిసి అడుగుతారేం? మా దీవుల్లో తెలిసింది అడిగేది ఒక్కడే, దొంగను నిలబెట్టి అడిగే పెద్ద. దొంగతనం చెయ్యని వాళ్ళు నోరిప్పకూడదు. ఇప్పితే ఒప్పుకున్నట్టే. పడవ ఎక్కేటప్పుడు మా అమ్మ అదే చెప్పింది, నువ్వు తప్పు చెయ్యలేదు, ఎవరేం అడిగినా నోరిప్పకు అని."

యువరాజు తల పట్టుకున్నాడు. తాను రోజూ పొద్దున్నే ఈ పిల్లల్ని దొంగల్లా నిలబెడుతున్నాడు. ఇంతమంది రాళ్ళైపోయింది చదువు రాక కాదు, అమ్మ మాట నిలబెట్టినందుకు. ఈ సంగతి ఉలూకనేత్రుడికి మొదటి నుంచీ తెలుసు. తెలిసే ఆ తాళం వేశాడు. యువరాజుకు ఒళ్ళంతా మండింది, చాలా రోజుల తర్వాత నిద్రమత్తు వదిలింది.

మరునాడు మండపంలో బారులు లేవు. బిడారుల పిల్లలు ఒంటెల వెంట నడుస్తూ పాటగా నేర్చుకున్నవాళ్ళు, కూర్చోబెడితే మాట మరిచిపోతారు. వాళ్ళను మండపం చుట్టూ నడవనిచ్చాడు. ద్వారాల పేర్లు పాటలో పడి తప్పు లేకుండా వచ్చాయి. గట్టు పిల్లలకు తోటివాళ్ళను వదిలి ఒక్కరే మాట్లాడటం మర్యాద కాదు, చేతులు పట్టుకుని అందరూ కలిసి చెబుతామన్నారు. అలాగే చెప్పనిచ్చాడు. చిలుక పైనుంచి ఇది పాఠశాలా సంతా అని గోల పెట్టింది కానీ, పాఠం మాత్రం వచ్చేసింది కనుక ఎక్కువసేపు గోల పెట్టలేకపోయింది.

ఆ ఊపులోనే యువరాజు ఒక పొరపాటు చేశాడు. రెల్లు పిల్లల ముందుకు వెళ్ళి, గడ్డం నిమురుకుంటూ, మరచిపోయినవాడిలా ముఖం పెట్టి, పడమటి ద్వారాన్ని కాసే భూతం పేరేమిటో చెప్మా అన్నాడు. తుంగ అతని గొంతు వంక చూసింది. దీవులవాళ్ళు పక్షి ఎప్పుడు ఎగురుతుందో దాని గొంతు చూసి చెబుతారు, తెలిసినవాడి గొంతు జవాబు కంటే ముందే కదులుతుందని వాళ్ళకు తెలుసు. ఆమె ముఖం వాడిపోయింది. పక్కనున్న చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. రెల్లులో దాక్కుని ఆడపిట్ట కూత కూసి మగపిట్టను వలలోకి పిలిచే వేటగాడు ఉంటాడే, అయ్యోరు అలా అడిగారని రెల్లు పిల్లలు తమతో అన్నట్టు ఆ తర్వాత గట్టు పిల్లలు చెప్పారు. మళ్ళీ రెల్లు పిల్లలు నేల చూపులకు దిగారు. ఈసారి జమ్ము దుంప గురించి అడిగినా పలకలేదు.

రేపు పొద్దున పున్నమి.

సాయంత్రం అతను మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. తెలియనట్టు నటిస్తే లాభం లేదు. నిజంగా తెలియకపోవాలి. పాఠం నేర్చుకున్నవాడు నేర్చుకోనివాడు ఎలా అవుతాడని చిలుకను అడిగాడు. చిలుక కొంచెం వెనకాడి, కోట లోపలి అగడ్తలో ఒక ఉడుము ఉందని, దాని వీపు మీద మరపుతీగ పెరుగుతుందని చెప్పింది. ఒక్క ఆకు నమిలితే కంఠస్థం చేసిందంతా పోతుంది. ఊరు, పేరు, మనుషులు గుర్తుంటారు. వల్లె వేసినవి మాత్రం ఒక్కటీ మిగలవు.

"ఇది ఉంచుకుంటాను, అది పోగొట్టుకుంటాను అనడానికి వీల్లేదా?" అని యువరాజు అడిగాడు.

వీల్లేదంది చిలుక. అతను చేతికర్ర అందుకున్నాడు. ఆ కర్ర లోపల కత్తి ఉంది.

అగడ్త నీళ్ళు నల్లగా, నాచు కంపు కొడుతూ ఉన్నాయి. యువరాజు గట్టు దిగాడో లేదో, రాతిదిబ్బ అనుకున్నది లేచి నిలబడింది. ఏనుగంత ఉడుము. వీపు నిండా తెల్లని చిన్న ఆకుల తీగ, మెడ దాకా అల్లుకుని ఉంది. అది నాలుక విసిరితే యువరాజు పాగా ఎగిరిపోయింది. అతను పక్కకు దూకి, బురదలో జారి, లేచి పరుగు తీశాడు. ఉడుము వెనకే. నేల అదిరింది, గట్టు రాళ్ళు దొర్లాయి, దాని ఊపిరి వీపుకు తగిలింది. ఇక అయిపోయింది అనుకునేంతలో చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే ఉడుము సగం దారిలో నిలబడి, ఎందుకు పరిగెత్తుతున్నదో తెలియక దిక్కులు చూస్తోంది. తన వీపు మీది ఆకు తానే ఎన్నేళ్ళుగా మేస్తోందో మరి. యువరాజు మెల్లగా వెనక నుంచి వెళ్ళి తోక మీదుగా ఎక్కి కత్తితో ఒక రెమ్మ కోశాడు. నొప్పికి అది మళ్ళీ విరుచుకుపడింది, తోకతో ఒక్క దెబ్బ కొట్టింది, అతను గట్టు అవతల పడ్డాడు. పక్కటెముకలు విరిగినంత పనైంది. ఉడుము గట్టు దాకా వచ్చి, మళ్ళీ మరిచిపోయి, వెళ్ళి పడుకుంది.

తెల్లవారింది. దుర్గం మీద నగారాలు మోగాయి. ఉలూకనేత్రుడు నల్లపట్టు కట్టి, గద్ద మీద వచ్చి మండపం ముంగిట దిగాడు. అతని రెప్ప వేయని కళ్ళు పిల్లల మీదుగా జరిగి రెల్లు పిల్లల దగ్గర ఆగాయి. శాలువా సిద్ధంగా ఉందని, గద్దకు మేత పెట్టించానని, ఆచార్యులు ఏ ఊరికి వెళ్తారని ఎంతో మర్యాదగా అడిగాడు. హేమగిరి అన్నాడు యువరాజు. అనగానే అమ్మ పాదాలు కళ్ళ ముందు మెదిలాయి. ఆమె పాదాలకు రోజూ పారాణి పెట్టే దాసి ఇప్పటికీ పెడుతూనే ఉంటుంది. అతను మంత్రాన్ని చివరిసారి మనసులో పూర్తిగా అనుకున్నాడు. అనుకుని, ఉత్తరీయం మడతలోంచి ఆకు తీసి నోట్లో వేసుకున్నాడు.

చేదు. ఆ తర్వాత తల లోపల గదులన్నీ ఊడ్చినట్టు ఖాళీ అయిపోయింది.

పరీక్ష మొదలైంది. కంచు ముఖం పెదవులు విడివడ్డాయి, ప్రశ్నలు అతని చెవిలో వేడి గాలిలా పడ్డాయి. బిడారుల పిల్లలు మండపం చుట్టూ నడుస్తూ పాడి ఒప్పజెప్పారు. ఉలూకనేత్రుడు నొసలు ముడివేశాడు, కానీ నడవకూడదని వరంలో ఎక్కడా లేదు. గట్టు పిల్లలు చేతులు పట్టుకుని ఒక్క గొంతుగా చెప్పారు. మాంత్రికుడు అప్పటికీ నిశ్చింతగానే ఉన్నాడు. తాళం చివర ఉంది కదా.

యువరాజు రెల్లు పిల్లల ముందుకు వచ్చాడు.  తుంగ ఎదుట నేల మీద కూర్చున్నాడు. కంచు ముఖం చెప్పిన మాటలను తడుముకుంటూ అడిగాడు.

"పడమటి ద్వారాన్ని కాసే భూతం పేరేమిటమ్మా? దానికి నైవేద్యం ఏం పెట్టాలి? నాకు తెలియడం లేదు."

తుంగ అతని గొంతు వంక చూసింది. చాలాసేపు చూసింది. పక్కనున్న చిన్నవాడి పాదాలు అప్పటికే బూడిదరంగుకు తిరుగుతున్నాయి. ఉలూకనేత్రుడు శాలువా అందుకున్నాడు. యువరాజు గొంతు కదలలేదు. అక్కడ కదలడానికి ఏమీ లేదు.

"అయ్యో, మీరే కదా అయ్యోరూ చెప్పింది," అంది తుంగ. జాలితో ఆమె గొంతు మెత్తబడింది. "దాని పేరు కరాళుడు. బూడిదగుమ్మడికాయ, నల్ల నువ్వులు. మొన్న మూడుసార్లు చెప్పారు, అంతలోనే పోయిందా? దక్షిణం దాన్ని అడగండి, అది కూడా చెప్తాను."

అతను దక్షిణం అడిగాడు, ఉత్తరం అడిగాడు. జబ్బుమనిషికి దారి చెప్పినట్టు రెల్లు పిల్లలందరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, మధ్యలో ఆగి అతనికి అర్థమైందో లేదో చూసుకుంటూ చెప్పారు. పాదాలు రాయైన చిన్నవాడు కూడా చెప్పాడు. చెబుతుండగానే వాడి పాదాలకు రంగు తిరిగొచ్చింది. దూలం మీద చిలుక జీవితంలో మొదటిసారి తప్పు పట్టకుండా కూర్చుంది.

కంచు ముఖం నడిమికి చీలింది. దుర్గం తలుపులన్నీ ఒక్కసారి భళ్ళున తెరుచుకున్నాయి. స్తంభాలు కళ్ళు నులుముకున్నాయి. ఒకటి తుమ్మింది, ఇంకొకటి ఆకలి అంది. స్తంభాలన్నీ పిల్లలై నడిచి వచ్చేస్తే పైకప్పును మోసేదెవరు? పగడపు దూలాలు ఫెళఫెళ విరగసాగాయి. ఉలూకనేత్రుడు కేక పెట్టి గద్ద మీదికి లంఘించాడు. రత్నకేతుడు కర్రలోంచి కత్తి దూసి, మీదికి దూకిన కావలివాణ్ణి తోసేసి, గడ్డం ఊడి ఒక చెవికి వేలాడుతుండగా పిల్లలందరినీ ముందుకు తరిమాడు. వాళ్ళ వెనక మండపం కూలి దుమ్ము లేచింది. బిడారుల పిల్లలు చిన్నవాళ్ళను వీపున వేసుకున్నారు. గట్టు పిల్లలు చేతులు వదలకుండా గొలుసులా దిగారు. రెల్లు పిల్లలు అప్పటికే నది ఒడ్డున జమ్ము మోపులు కట్టి తెప్పలు చేస్తున్నారు.

తెప్పలు రెల్లు మధ్యకు చేరాక రత్నకేతుడు వెల్లకిలా పడిపోయాడు. ఒళ్ళంతా నొప్పి. కళ్ళు మూసుకుని మంత్రం మొదటి అక్షరం కోసం వెతికాడు. ముని గుడిసె గుర్తొచ్చింది, కట్టెల పొగ గుర్తొచ్చింది, ముని తిట్లు అన్నీ గుర్తున్నాయి. ఆ మంత్రం మాత్రం లేదు. మళ్ళీ ఆ కొండ ఎక్కాలి, మళ్ళీ నీళ్ళు మోయాలి, అమ్మ ఇంకో ఏడాది అలాగే పడుకుని ఉండాలి. అతను సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఎంత అలసిపోయాడంటే ఏడవడానికి కూడా ఓపిక చాలలేదు.

ఏం పోయింది అయ్యోరూ అని తుంగ అడిగింది. అతను చెప్పాడు. ఏకశృంగానికి వెళ్ళే దారి కూడా తాను మొదట శ్లోకంగానే వల్లె వేసుకుని బయల్దేరానని, అది కూడా పోయిందని చెప్పాడు.

"ఎటు వెళ్ళాలో నాకు తెలియదు," అన్నాడు.

అంతే. తెప్పల మీది పిల్లలందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. బిడారుల పిల్లలు ఉప్పుబాట ఆ కొండ పక్క నుంచే పోతుందని పాట ఎత్తుకున్నారు. గట్టు పిల్లలు కలిసి ఒక దిక్కు చూపించారు. తుంగ, ముందు ఈ పాయ దాటాలి, నేను చెప్తాను అని గడ అందుకుంది. అప్పుడే రెల్లు పొదల మీద నీడ పడింది. పెద్ద గద్ద, దాని మీద రెప్ప వేయని రెండు కళ్ళు.

రత్నకేతుడు కత్తి ఊతగా లేచి నీడ వచ్చిన వైపు తిరిగాడు. అతని వెనక పిల్లలు ఇంకా దారి చెబుతూనే ఉన్నారు.